ఇంప్రెషన్లు మనుషులు కారు

చిరంజీవి స్వాతికి,

నీ ఊరగాయల ప్రకటనకు 40 వేల ఇంప్రెషన్లు వచ్చినా ఆర్డర్లు 11 దాటలేదని రాశావు. అంతమంది చూసి వద్దనుకున్నారా అని దిగులెందుకు? అంతమంది చూడనే లేదు.

ఇంప్రెషన్ అంటే ప్రకటన ఒకసారి తెర మీదకొచ్చిందని లెక్క. ఒకే మనిషికి ఎనిమిదిసార్లు వస్తే ఎనిమిది. మనుషుల లెక్క కావాలంటే 'రీచ్' చూడు. నువ్వు పంపిన స్క్రీన్‌షాట్‌లో అది 5 వేలే. అంటే సగటున ఒక్కొక్కరికి ఎనిమిదిసార్లు చూపించారు. దీన్నే ఫ్రీక్వెన్సీ అంటారు. వారంలో అన్నిసార్లు ఎదురైతే ఆవకాయైనా మొహం మొత్తుతుంది. నువ్వు ఆడియన్స్‌ను మరీ రెండు పేటలకే కుదించావు, అందుకే ఇలా తిరిగి తిరిగి వాళ్లకే వెళ్లింది. హైదరాబాద్ మొత్తానికి పెంచు.

తెర మీదకొచ్చినంత మాత్రాన కంటపడినట్టు కూడా కాదు. మామూలు బ్యానర్‌లో సగం భాగం ఒక్క సెకను తెర మీద ఉంటే చాలు, 'చూసే వీలున్నది' (వ్యూయబుల్) అని ప్రకటనల పరిశ్రమ ఒప్పుకున్న ప్రమాణం. వీడియోకైతే రెండు సెకన్లు. అంతలో నీ నాలుగు వరుసల రాత ఎవరు చదువుతారమ్మా? సీసా, పేరు, ధర పెద్దగా పెట్టు, చాలు. పత్రికలో మేమూ సర్క్యులేషన్, అంటే పంచిన ప్రతుల అంకె చెప్పి ప్రకటనలు అమ్మాం. పేజీ తిప్పనివాళ్ల లెక్క ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు!

ఖర్చు 4 వేలు కాబట్టి వెయ్యి ఇంప్రెషన్లకు వంద రూపాయలు. చవకే అనిపిస్తుంది. అదే 4 వేలను 11 ఆర్డర్లతో భాగించు, ఒక్కోదానికి 360 పైనే. సీసా మీద నీకు మిగిలేది అంతుందా? ముందు ఈ లెక్క చూసుకో.

కొత్త పేరు జనం నోట నానాలంటే ఇంప్రెషన్లు అవసరమే, కాదనను. అప్పుడైనా రీచ్ పెరుగుతోందా లేదా అన్నదే చూడాలి.

గూగుల్‌లో కూడా పెడతానన్నావు. అక్కడ లొకేషన్ సెట్టింగ్‌ను ఉన్నదున్నట్టు వదిలేస్తే హైదరాబాద్ మీద ఆసక్తి చూపిన బయటి ఊళ్లవాళ్లకూ ప్రకటన వెళ్తుంది. నువ్వు బయటికి పార్శిల్ పంపవు కదా, హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకే అని మార్చు. ప్రకటన ఎక్కడెక్కడ కనిపించిందో చెప్పే రిపోర్టు కూడా తెరువు. పిల్లల గేమ్ యాప్‌లు కనబడితే తీసెయ్యి, అక్కడ వేలు పొరపాటున తగిలినా క్లిక్కే. ఆ రిపోర్టు ఆదివారం లోపు నాకు వాట్సాప్ చెయ్యి.

మీ పెదనాన్న