ఎఫ్‌ఐవీ ఉన్న పిల్లిని ఇంటికి తెచ్చుకోవచ్చా?

ప్రశ్న: షెల్టర్‌లో ఓ నాలుగేళ్ల మగపిల్లి మాకు బాగా నచ్చింది, కానీ ఎఫ్‌ఐవీ (పిల్లుల్లో రోగనిరోధక శక్తిని తగ్గించే వైరస్) పాజిటివ్ అన్నారు. ఇంట్లో చిన్నపాప ఉంది, ఇంకో పిల్లి కూడా ఉంది. అత్తగారు వద్దంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: తెచ్చుకోండమ్మా. పాప గురించి టెన్షన్ వద్దు, ఈ వైరస్ మనుషులకు సోకదు, ఆ మాట అత్తగారికి పశువుల డాక్టర్ చేతే చెప్పించండి. మీ పిల్లి సంగతి వేరు. ఇది ఎక్కువగా లోతుగా దిగిన కాటు వల్ల అంటుకుంటుంది, ఒకే గిన్నెలో తిన్నందుకు అంటడం అరుదు, కాబట్టి రెండింటికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, కొత్తదాన్ని మొదట వేరే గదిలో ఉంచి మెల్లగా అలవాటు చేయండి. కొట్టుకుంటుంటే మాత్రం కలపొద్దు. బయటికి వదలకండి, పచ్చి మాంసం పెట్టకండి, ఆరు నెలలకోసారి డాక్టర్‌కి చూపించండి. నోటి మీద ఓ కన్నేసి ఉంచండి: చొంగ కారుస్తున్నా, ఆకలిగా గిన్నె దగ్గరికి వచ్చి ఒక్కసారి కొరికి వెనక్కి తగ్గినా చిగుళ్లు వాచి నొప్పి పుడుతోందేమోనని అనుమానించి వెంటనే తీసుకెళ్లండి. ఇలాంటి పిల్లులు చాలా ఏళ్లు హాయిగా బతకగలవు, పాజిటివ్ అన్న ఒక్క మాటకే జనం వెనుదిరగడం చూస్తే నాకు బాధేస్తుంది. తెచ్చేముందు టెస్ట్ రిపోర్టు, టీకాల కార్డు అడిగి తీసుకోండి.