ప్రాయశ్చిత్తం, శాంతికరం: రెండూ ఒకటేనా?

ఒకటి కాదు: క్రైస్తవ బోధలో, పాపం వల్ల తెగిపోయిన దేవుడి-మనిషి సంబంధం మళ్ళీ కలవడం మొత్తాన్నీ ప్రాయశ్చిత్తం అంటారు, అందులో పాపం మీద దేవుడికున్న న్యాయమైన కోపం చల్లారే భాగం శాంతికరం. విశాఖ చర్చిల్లో గుడ్ ఫ్రైడే ప్రసంగాల్లో రెండు మాటలూ కలగలిసి వినిపిస్తాయి కాబట్టి ఈ అనుమానం సహజమే.

ఆ బోధలో దేవుడు ప్రేమగలవాడు, న్యాయవంతుడు కూడా. పాపాన్ని చూసీచూడనట్టు వదిలేస్తే న్యాయం నిలవదు, శిక్షిస్తే మనిషి మిగలడు. ఆ శిక్షను యేసు సిలువ మీద తానే భరించాడని, ముఖ్యంగా ప్రొటెస్టెంట్లు, చెబుతారు.

బైబిల్ పాత నిబంధనలోని లేవీయకాండం 16వ అధ్యాయంలో, ఇశ్రాయేలీయులు ఏటా పాటించే ప్రాయశ్చిత్త దినాన, ప్రజల పాపాల కోసం రెండు మేకలను తెస్తారు. ఒకదాన్ని వధించి, దాని రక్తాన్ని మందసం (గుడారంలోని పవిత్రమైన పెట్టె) మీది మూత అయిన కరుణాపీఠంపై చిలకరిస్తారు. రెండోదాని తల మీద చేతులుంచి, ప్రజల పాపాలు ఒప్పుకుని, అరణ్యంలోకి పంపేస్తారు. శాంతికరం మొదటి మేకలో కనిపిస్తుంది. పాపాన్ని దూరంగా మోసుకుపోవడం రెండోదాని పని, అదీ ప్రాయశ్చిత్తంలో భాగమే.

చాలామంది పొరబడేది ఇక్కడే: కోపంతో ఉన్న తండ్రిని కొడుకు బతిమాలి చల్లబరిచాడని, మొక్కు చెల్లించి శాంతింపజేయడం లాంటిదని అనుకుంటారు. బైబిల్ కొత్త నిబంధనలోని 1 యోహాను పత్రిక 4:10 చెప్పేది వేరు. మనుషులు ఏమీ ఇవ్వకముందే దేవుడే ప్రేమించి, కుమారుణ్ణి పంపాడు.