ఎడమవైపుకు ఒరిగిన అంకె

హైదరాబాద్

చిట్టితల్లీ,

బేగంబజార్‌లో లెక్కలు చూసే పనికి కుదిరావని మీ నాన్న ఫోను చేసి చెప్పాడు. చాలా సంతోషం. అదే బజారులో చిట్టా (రోజువారీ పద్దు), ఆవర్జా (ఖాతాల పద్దు) పుస్తకాలతో మొదలుపెట్టి ఎక్సెల్ దాకా వచ్చినవాణ్ణి కనుక కొన్ని సంగతులు నీకు చెప్పి తీరాలి.

గడికీ గడికీ మధ్య ప్లస్ గుర్తు పెట్టి కూడే అలవాటు చేసుకోకు. సమ్ ఫంక్షన్‌కు సి2 నుంచి సి40 వరకు అని చెప్పు. మధ్యలో కొత్త వరుస చేర్చినా అది కలుపుకుంటుంది. కానీ అక్షరంగా నమోదైన అంకెను సమ్ వదిలేస్తుంది, వదిలేశానని చెప్పదు కూడా. ఒక దీపావళి ముందు 4,500 రూపాయల బాకీ మొత్తంలో చేరక, రాత్రి పదింటిదాకా దుకాణంలోనే కూర్చుని వెతికాను. ఆ గడిలో అంకె ముందు ఒంటి కోట్ గుర్తు ఉంది. గడిలో కనబడదు, పైనున్న ఫార్ములా పట్టీలోనే కనబడుతుంది. మిగతా అంకెలన్నీ కుడి అంచున నిలబడితే అదొక్కటే ఎడమవైపుకు ఒరిగి ఉంది. అప్పటి నుంచి ప్రతి నిలువు వరుస కిందా కౌంట్, కౌంట్‌ఎ రెండూ వేస్తున్నాను. మొదటిది అంకెలనే లెక్కిస్తుంది, రెండోది ఖాళీగా లేని గళ్లన్నిటినీ. ఒకటి 38, మరొకటి 39 అని వచ్చిందా, ఆ ఒక్క గడిని పట్టుకునేదాకా మొత్తాన్ని ఎవరికీ చూపించకు.

సగటుకు యావరేజ్ వాడతావు. అది ఖాళీ గడిని వదిలేస్తుంది, సున్నాను లెక్కలోకి తీసుకుంటుంది. 26 రోజులు రోజుకు పదివేల చొప్పున అమ్మకం జరిగి, దుకాణం మూసిన 4 రోజులకు సున్నా వేశావనుకో, సగటు సుమారు 8,667 రూపాయలకు పడిపోతుంది. సెలవు రోజు గడిని ఖాళీగా ఉంచు. తెరిచినా బేరం జరగని రోజుకే సున్నా.

పైసలు కనబడకుండా దాచడం వేరు, సవరించడం వేరు. 10.40 చొప్పున మూడు వస్తువులుంటే తెర మీద మూడు పదులు, కింద మొత్తం 31 అని కనబడుతుంది. కాగితం మీద కూడి చూసుకునే ఖాతాదారుకు నువ్వేం జవాబు చెబుతావు? బిల్లులో ప్రతి వరుసకూ రౌండ్ ఫంక్షన్ వేసి, దగ్గరి రూపాయికి సవరించి, ఆ తర్వాతే కూడు.

ధరల పట్టికలో సరుకు పేరుతో ధర వెతికి తెచ్చే వీలుకప్ (VLOOKUP) వాడితే నాలుగో చోట ఫాల్స్ తప్పకుండా రాయి. లేకపోతే సరిగ్గా ఆ సరుకు దొరకకపోయినా ఏదో ఒక ధర తెచ్చి పెడుతుంది. మీ దగ్గర దాని కొత్త రూపమైన ఎక్స్‌లుకప్ (XLOOKUP) ఉంటే ఆ బెడద లేదు. ఫిల్టర్ పెట్టినప్పుడు సమ్ దాగిన వరుసలను కూడా కూడుతుంది, అక్కడ సబ్‌టోటల్ ఫంక్షన్‌కు మొదటి చోట 9 ఇచ్చి వాడు, కనబడే వరుసలనే కూడుతుంది.

ఆదివారం ఇంటికి వచ్చేటప్పుడు బాకీల షీటు నకలు ఒకటి, ఖాతాదారుల పేర్లు తీసేసి, తెచ్చుకో. కౌంట్‌లు ఇద్దరం కలిసి వేద్దాం.

ఆశీస్సులతో,
పెదనాన్న