రూ.12 వేల అద్దె వదిలి రూ.38 వేల వాయిదాలోకి వెళ్లాలా?

ప్రశ్న: నా వయసు 34. నెల్లూరు బాలాజీనగర్‌లో నెలకు రూ.12 వేల అద్దెకు ఉంటున్నాం. కృష్ణపట్నం వైపు ఒక ప్రైవేటు సంస్థలో పనిచేస్తాను, చేతికి రూ.62 వేలు వస్తాయి. నా భార్యకు ప్రైవేటు పాఠశాలలో రూ.18 వేల జీతం. బాబు యూకేజీ. బ్యాంకులో రూ.11 లక్షల డిపాజిట్ ఉంది. రూ.5 లక్షల చీటీకి ఇంకా 8 నెలలు, నెలకు రూ.12,500 చొప్పున కట్టాలి. చీటీ కట్టాక నెలకు మరో రూ.15 వేలు మిగులుతాయి. మాగుంట లేఅవుట్‌లో రూ.55 లక్షలకు ఒక ఫ్లాటు చూశాం, రంగులు వేస్తున్నారు. రూ.38 లక్షలకు రిజిస్ట్రేషన్ చేస్తాను, మిగతాది నగదుగా ఇవ్వండి అంటున్నాడు బిల్డరు. అద్దె దండగ, ఇల్లు కొంటే పన్ను కూడా తగ్గుతుందని మామగారు తొందరపెడుతున్నారు. చీటీ పాడుకుని, నగలు తాకట్టు పెట్టి కొనవచ్చా? రెండు మూడేళ్లలో విశాఖకు బదిలీ అయ్యే అవకాశమూ ఉంది.

జవాబు: ఈ ఫ్లాటును, ఈ ధరకు, ఈ పద్ధతిలో కొనకండి. సొంత ఇల్లే వద్దని నేను చెప్పడం లేదు. ఏడాదిన్నర ఆగితే మీరు నిబ్బరంగా ఇల్లు కొనుక్కోగలరు. ఇప్పుడు కొంటే ఆ ఇల్లే మీ నిద్ర చెడగొడుతుంది.

ముందు అద్దె సంగతి చూద్దాం. కూతురు, మనవడు సొంత గడపలో ఉండాలని మామగారు కోరుకోవడం సహజం. అద్దె తిరిగిరాదన్న మాట కూడా నిజమే. కానీ వడ్డీ మాత్రం తిరిగొస్తుందా? ఫ్లాటు ధరలో 80 శాతం, అంటే రూ.44 లక్షలు, 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువుతో తీసుకుంటే నెల వాయిదా సుమారు రూ.38,180. మొదటి నెల కట్టే వాయిదాలో రూ.31,167 వడ్డీకే పోతుంది. అసలులో తగ్గేది రూ.7 వేలు. అంటే రూ.12 వేలు దండగ అవుతోందని బాధపడి, అంతకు రెండున్నర రెట్లు వడ్డీ రూపంలో వదులుకుంటారు. అద్దె ఏటా పెరుగుతుంది, నిజమే. ఏడాదికి 6 శాతం చొప్పున పెరిగినా పదేళ్లకు మీ అద్దె రూ.21,500 దగ్గర ఉంటుంది.

ఇక మీ ఇంటి ఖర్చుల్లోకి వద్దాం. చీటీ రూ.12,500, మిగులు రూ.15 వేలు, మొత్తం కలిపి నెలకు రూ.27,500 మీరు దాచగలుగుతున్నారు. మీ వయసులో, ఈ జీతాలతో ఇది మెచ్చుకోదగ్గ పొదుపు. వాయిదాకు అపార్ట్‌మెంట్ నిర్వహణ రుసుము రూ.2,500 కలిపి, అద్దె తీసేస్తే, కొత్తగా పడే భారం నెలకు దాదాపు రూ.28,700. మీ పొదుపు మొత్తం పోసినా ఇంకా రూ.1,200 తక్కువ. అదీ చీటీ పూర్తయ్యాక. ఈలోపే చీటీ పాడుకుంటే తగ్గింపు పోయి చేతికి తక్కువ వస్తుంది, నెలనెలా చీటీ డబ్బు మాత్రం కడుతూనే ఉండాలి. అప్పుడు నెలకు రూ.13,700 లోటు. దానిపైన నగల తాకట్టు వడ్డీ. బాబుకు జ్వరం వచ్చి ఆసుపత్రిలో చేర్చాల్సివస్తే, మీ భార్య ఒక ఏడాది ఉద్యోగం మానాల్సివస్తే ఎక్కడినుంచి తెస్తారు? ఆమె పేరు మీద కనీసం మూడు నెలల ఖర్చుకు సరిపడా సొమ్ము లేకుండా గృహప్రవేశం ముహూర్తం పెట్టించుకోకండి.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఆందోళన పరిచింది ఆ రూ.38 లక్షల దస్తావేజు. బ్యాంకు పత్రాల మీద ఉన్న ధరను చూసి అప్పు ఇస్తుంది. రూ.38 లక్షల్లో 80 శాతమంటే రూ.30.4 లక్షలు. మిగతా రూ.24.6 లక్షలు మీరే తేవాలి, అందులో రూ.17 లక్షలు నోట్ల కట్టలుగా. ఆ రూ.17 లక్షలకు మీ దగ్గర రసీదు ఉండదు. రేపు బిల్డరుతో తగాదా వచ్చినా, కొనుగోలు ఆగిపోయినా అడిగే హక్కు నిరూపించుకోలేరు. పదేళ్ల తర్వాత అమ్మితే మీ కొనుగోలు ధర రూ.38 లక్షలనే లెక్కలోకి వస్తుంది, రాని లాభానికి పన్ను కట్టాల్సివస్తుంది. స్థిరాస్తి అమ్మకంలో రూ.20 వేలు, అంతకుమించి నగదుగా పుచ్చుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నిషిద్ధం కూడా. పూర్తి ధరకు రాయడానికి బిల్డరు ఒప్పుకోకపోతే, అది ఎంత మంచి ఫ్లాటైనా వదిలేయండి.

పూర్తి ధరకు రాసినా సొమ్ము చాలదు. సొంత వాటా రూ.11 లక్షలు. రిజిస్ట్రేషన్ ఖర్చులు మన రాష్ట్రంలో 7.5 శాతం, అంటే రూ.4.1 లక్షలు. భవనానికి నివాసయోగ్యతా పత్రం రాకముందే డబ్బు కడితే 5 శాతం జీఎస్టీ, మరో రూ.2.75 లక్షలు. అల్మరాలు, వంటగది పనులు ఇంకా లెక్కలో లేవు.

పన్ను తగ్గుతుందన్నది మీకు వర్తించదు. 2025-26 నుంచి కొత్త ఆదాయపు పన్ను విధానంలో జీతగాళ్లకు రూ.12.75 లక్షల దాకా పన్ను పడదు. కట్టని పన్నులో తగ్గించుకునేదేముంది?

బదిలీ మాట తేలే దాకా ఆగడం మరీ అవసరం. మూడేళ్లకే విశాఖ వెళ్తే ఈ ఫ్లాటును అద్దెకు ఇచ్చి అంత వాయిదా మోయాలి, లేదా రిజిస్ట్రేషన్ ఖర్చు పోగొట్టుకుని అమ్ముకోవాలి. సంస్థలో గట్టిగా అడిగి తెలుసుకోండి. ఏడెనిమిదేళ్లు నెల్లూరులోనే ఉంటామనుకుంటేనే ముందుకు వెళ్లండి.

అప్పుడు మీ పరిధి రూ.40 లక్షలు. చీటీ ఆఖరిదాకా ఉంచి తీసుకోండి, కమిషన్ పోను రూ.4.5 లక్షలకు పైగా వస్తుంది. ఆ తర్వాత ఆ రూ.12,500 కూడా పొదుపులోనే వేయండి. ఏడాదిన్నరకు మొత్తం రూ.19 లక్షలు దాటుతుంది. సొంతంగా రూ.12 లక్షలు, రిజిస్ట్రేషన్‌కు రూ.3 లక్షలు, మరమ్మతులకు రూ.లక్షన్నర పోగా రెండున్నర లక్షలకు తక్కువ కాకుండా చేతిలో ఉంటుంది. రూ.28 లక్షల అప్పుకు వాయిదా రూ.24,300. నెలకు ఇంకా రూ.13 వేల దాకా మిగులుతుంది. చలన వడ్డీ రేటు (ఫ్లోటింగ్) గృహరుణాన్ని ముందుగా తీర్చినా జరిమానా లేదు కాబట్టి, బోనస్ వచ్చినప్పుడల్లా అసలుకు జమచేయండి.

వేదాయపాళెం, పొదలకూరు రోడ్డు వైపు పదేళ్లలోపు కట్టిన పాత ఫ్లాట్లు కూడా చూడండి, వాటికి జీఎస్టీ ఉండదు. ఫ్లాటుతోపాటు మీ పేరున వచ్చే స్థలం వాటా ఎంతో దస్తావేజులో చదవండి. నెల్లూరు వైపు కొలతైన అంకణాల్లో చెబితే గజాల్లోకి మార్పించండి, ఎందుకంటే భవనం పాతబడే కొద్దీ విలువ నిలిచేది ఆ భూమిలోనే. ఆస్తిపై అప్పులు, లావాదేవీలు చూపే ఈసీ, పాత యజమానుల లింకు డాక్యుమెంట్లు ఒక న్యాయవాదికి చూపించండి. కొత్త భవనమైతే ప్లాను ఆమోదంతోపాటు స్థిరాస్తి నియంత్రణ సంస్థ అయిన ఆంధ్రప్రదేశ్ రెరాలో నమోదు కూడా చూడండి. బాగా చిన్న భవనాలకు తప్ప ఆ నమోదు ఉండాలి. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు భగత్‌సింగ్ కాలనీలో ఇళ్లు మునిగాయి. మీరు చూసే వీధిలో అప్పుడు నీళ్లు ఎంతవరకు వచ్చాయో బిల్డరును కాదు, ఎదురింటివాళ్లను అడగండి.

మామగారికి ఈ లెక్కలు కాగితం మీద రాసి చూపించండి. ఆదివారం లోపు అడ్వాన్సు ఇవ్వమని ఎవరు ఒత్తిడి చేసినా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.