పెద్దది ఏ క్లాసో చూసుకుని కదులు

చి. అబ్బాయికి,

బాబాయి ఆశీస్సులు. కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో మీ లీజు అక్టోబరుతో అయిపోతుందని, అది అవగానే టెక్సాస్‌కి, మా డాలస్ వైపు వచ్చేద్దామనుకుంటున్నారని మొన్న ఫోన్లో చెప్పావు. నువ్వు పంపిన ఎక్సెల్ షీటు చూశాను. అద్దె, ట్యాక్స్, ఇంటి ధర అన్నీ ఉన్నాయి. పిల్లల చదువుకి ఒక్క గడి కూడా లేదురా.

మీ అవస్థ నాకు తెలుసు. మేమూ అక్కడ తొమ్మిదేళ్లు అద్దెకున్నాం. పక్కింటి పెద్దాయన 1979లో ఇల్లు కొన్నాడు. అంతకు ముందు ఏడాదే అక్కడ ప్రొపోజిషన్ 13 అని ఇంటి పన్నుకి పరిమితి పెట్టే చట్టం వచ్చింది. దాని ప్రకారం కొన్న ధర మీద 1 శాతం పన్ను. ఆ తర్వాత ఇంటి ధర ఎంత పెరిగినా, పన్నుకి లెక్కేసే విలువ మాత్రం ఏడాదికి 2 శాతానికి మించి పెరగదు. అమ్మితే, కొన్నవాడికి కొత్త ధర మీద పన్ను మొదలు. ఇక ఆయనెందుకు అమ్ముతాడు? నాలుగు గదుల్లో ఒక్కడే ఉండేవాడు. మేం రెండు గదుల్లో నలుగురం. అమ్మానాన్నలు ఆరు నెలలకని వస్తే పిల్లలు హాల్లో పరుపేసుకుని పడుకునేవాళ్లు. పరీక్షల ముందు రాత్రి కూడా అదే హాలు, అదే టీవీ. పిల్లలున్నవాళ్లు ఎందుకు వెళ్లిపోతున్నారని ఎవరైనా అడిగితే నాకు ఆ పరుపే గుర్తొస్తుంది. 2020 జనాభా లెక్కల తర్వాత కాలిఫోర్నియా చరిత్రలో మొదటిసారి అమెరికా పార్లమెంటులో జనాభాని బట్టి ఇచ్చే సీట్లలో ఒకటి పోగొట్టుకుంది. టెక్సాస్‌కి రెండు పెరిగాయి.

కాబట్టి రావద్దని చెప్పను. ఎప్పుడు వస్తున్నావన్నదే నా బెంగ.

మేం వచ్చేసరికి మా అమ్మాయి పదో క్లాసు సగంలో ఉంది. నాకు ఆఫీసు తేదీ కుదిరింది, దానికి ఏం కుదరాలో ఆలోచించలేదు. టెక్సాస్‌లో 1997 నాటి చట్టం ఒకటుంది. హైస్కూల్ ర్యాంకులో మొదటి 10 శాతంలో ఉన్న పిల్లలకి ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో నేరుగా సీటు. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్‌కి మాత్రం అది తగ్గుతూ వచ్చి 2026 అడ్మిషన్లకి 5 శాతమైంది. అంటే ఇక్కడ మార్కుల కంటే ర్యాంకు ముఖ్యం. మా అమ్మాయి పాత స్కూల్లో చదివిన కోర్సులకి కొత్త స్కూల్లో ర్యాంకు లెక్కలో అదే వెయిట్ ఇవ్వలేదు. అక్కడ ముందు వరసలో ఉన్న పిల్ల ఇక్కడ ఎక్కడో మధ్యలో తేలింది. ఆ సెమిస్టరంతా లైబ్రరీలో కూర్చుని లంచ్ తిన్నదట. ఆ సంగతి మాకు రెండేళ్లకి గానీ చెప్పలేదు.

మీ పెద్దది ఈ ఏడు ఏడో క్లాసుకి వెళ్తోంది కదా. ఇక్కడ ఆగస్టు మధ్యలోనే బడి మొదలవుతుంది, అక్టోబరులో తెచ్చి కూర్చోబెట్టొద్దు. ఓనర్‌ని బతిమాలి ఇంకో ఎనిమిది నెలలు లీజు పొడిగించుకో. వచ్చే జూన్‌లో రండి, ఎనిమిదిలో చేరుతుంది. స్నేహితులు కుదరడానికి ఏడాది, ఆ తర్వాతే తొమ్మిదో క్లాసు. చిన్నవాడి గురించి దిగులొద్దు, వాడు ఎక్కడైనా కలిసిపోతాడు.

వీసా సంగతి లాయర్‌తో ముందే మాట్లాడు. ఊరు మారితే నీ ఉద్యోగ వీసా హెచ్-1బీకి అమెండ్‌మెంట్, అంటే సవరణ దరఖాస్తు, వెయ్యాలి, అది వెయ్యకుండా కొత్త చోట పని మొదలుపెట్టకూడదు. గ్రీన్ కార్డ్‌కి మొదటి మెట్టయిన పర్మ్ (లేబర్ సర్టిఫికేషన్) కూడా పనిచేసే చోటుని బట్టే ఉంటుంది, మళ్లీ మొదటికి రావచ్చు. ఆ తర్వాత కంపెనీ వేసే ఐ-140 దరఖాస్తు అప్రూవ్ అయ్యాక కదిలితే పాత ప్రయారిటీ డేట్, అంటే గ్రీన్ కార్డ్ వరసలో నీ స్థానం చెప్పే తేదీ, మామూలుగా నిలుస్తుంది.

ఇక నీ షీటులో ఉన్న లెక్క. ఇక్కడ స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు, నిజమే. కానీ ఇంటి పన్ను చాలాచోట్ల దాదాపు 2 శాతం. 6 లక్షల డాలర్ల ఇంటికి ఏడాదికి 12 వేలు, సొంతంగా ఉండే ఇంటికిచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపు పెట్టుకుంటే కాస్త తగ్గుతుంది. వడగళ్లకి రూఫ్ పోతే ఇన్సూరెన్స్ డిడక్టబుల్, అంటే ముందు మన జేబులోంచి పెట్టుకోవాల్సింది, ఇంటి విలువలో శాతం లెక్కన ఉంటుంది, పాలసీ చదువుకో. నేల మన నల్లరేగడి లాంటిదే. ఎండాకాలం బీటలు తీస్తుంది. ఆగస్టు వస్తే నేను సాయంత్రం గోడల చుట్టూ సోకర్ హోస్ (పొడుగునా నీళ్లు ఊరే గొట్టం) పరిచి పునాదికి నీళ్లు పెడతాను. చేనుకి పెట్టినట్టుందని మీ పిన్ని నవ్వుతుంది. ఒక ఏడు మర్చిపోతే వంటగది తలుపు పైన వేలు పట్టేంత చీలిక వచ్చింది.

ఇల్లు చూడ్డానికి డిసెంబరులో రాకు. అప్పుడంతా బాగానే ఉంటుంది. ఈ ఆగస్టులో ఒక శని, ఆదివారాలు రండి, మధ్యాహ్నం మూడింటికి పిల్లల్ని పార్కుకి తీసుకెళ్లి చూడు. తూర్పు వాకిలి కోసం ఎక్కువ వెతక్కు, కింద బెడ్రూమూ బాత్రూమూ ఉండేది చూడు. మీ నాన్నకి మోకాళ్లు బాగాలేవు.

పెద్దదాన్ని తప్పకుండా తీసుకురా. మా అమ్మాయి ఆ వారం ఇంటికొస్తోంది, దానితో కాసేపు విడిగా మాట్లాడనీ. టికెట్లు తీసుకుని చెప్పు, ఎయిర్‌పోర్టుకి నేనొస్తాను.

మీ బాబాయి