దద్ధోజనంలో భోజనం ఉందా?

సందేహం: మా గుడిలో ధనుర్మాసపు నైవేధ్యాల పట్టికలో ఒకరు 'దద్ధోజనం' అని రాస్తే, ఇంకొకరు దాన్ని కొట్టేసి 'దధ్యౌదనం' అని దిద్దారు. దధి, భోజనం కలిసి దద్ధోజనం అయిందని మా మేనమామ అంటారు. ఏది ఒప్పు?

సమాధానం: దిద్దినాయనే తప్పు రాశారు. పెరుగు 'దధి', అన్నం 'ఓదనం'. ఇకారం మీద ఓకారం వచ్చింది కాబట్టి ఆ ఇకారం యకారంగా మారుతుంది, ప్రతి, ఏకం కలిసి 'ప్రత్యేకం' అయినట్టే. అలా అయ్యేది దధ్యోదనం. ఔత్వానికి అక్కడ చోటే లేదు.

ఆయనకు ఆ ఔత్వం లలితా సహస్రనామంలో తగిలి ఉంటుంది. స్నిగ్ధౌదనప్రియా, ముద్గౌదనాసక్తచిత్తా, సర్వౌదనప్రీతచిత్తా అని రోజూ చదివే నాలుకకు 'ఔదనం' అలవాటవుతుంది. కానీ స్నిగ్ధ, ముద్గ, సర్వ, మూడూ అకారంతో ముగిసే మాటలు. అందుకే వాటికి వృద్ధిసంధి, అంటే అ, ఓ కలిసి ఔ అవుతాయి. పెరుగన్నం వంతు వచ్చేసరికి ఆ స్తోత్రం 'దధ్యన్నాసక్తహృదయా' అంటుంది. (ముద్గౌదనం అంటే పెసరపప్పుతో వండిన అన్నం, మన కట్టుపొంగలికి దగ్గరి చుట్టం.)

మాట చాలా పాతది. రెండు వేదాలు చదివే కొడుకు కావాలనుకున్న దంపతులు దధ్యోదనం వండించుకుని నెయ్యి వేసుకు తినాలని బృహదారణ్యకోపనిషత్తు చెబుతుంది. అల్లం, మిరియాలు, ఇంగువ తాలింపు ఊసు మాత్రం అందులో లేదు. అది మన వంటింటి పుణ్యం.

ఇక మీ మేనమామగారి మాట. దధి, భోజనం కలిస్తే 'దధిభోజనం' అవుతుంది, అంతే. అక్కడ సంధి జరగదు. అయినా ఆయన్ని పూర్తిగా కొట్టిపారేయలేను. 'ధ్యో' నోటికి బరువై 'ద్ధో' అయింది, సరే. చివరి 'దనం' 'జనం' కావడానికి మాత్రం పక్కనే వినిపించే 'భోజనం' లాగిందనే నా ఊహ. పుట్టుకలో భోజనం లేదు, పలుకుబడిలో ఉంది.

పట్టికలో దద్ధోజనమే ఉంచండి. అది తెలుగు మాట, దొన్నె పట్టుకుని వరసలో నిలబడ్డ ప్రతివారికీ తెలిసిన మాట. సంకల్పంలోనో శ్లోకంలోనో అయితే దధ్యోదనం అనండి.

అన్నట్టు, మీ ఉత్తరంలో 'నైవేధ్యం' అని రాశారు. అక్కడ ఒత్తు ధకారం అక్కర్లేదు, 'నైవేద్యం' చాలు. నివేదించేది నైవేద్యం. ఆఫీసులో మీరు పైవారికి పంపే 'నివేదిక' కూడా ఆ ధాతువుదే.