మా అమ్మాయి బాక్సులో అన్నం మిగిలితే కూర నచ్చలేదనుకున్నాను

మీ వాడు తొమ్మిదో తరగతి, రాత్రి పన్నెండు దాకా ఫోను, పొద్దున టిఫిన్ తినడు, స్కూలంటే విసుగు అన్నారు. ముందు అలవాట్లు మాన్పించాలా, చదువు మీద ఆసక్తి పుట్టించాలా అని అడిగారు. మాది గుంటూరు, బ్రాడీపేట. మా అమ్మాయి ఎనిమిదిలో ఉన్నప్పుడు మేమూ ఇదే పడ్డాం. అలవాట్ల వెంటపడి ఆరు నెలలు పోగొట్టుకున్నాం.

ఫోను బీరువాలో పెట్టి తాళం వేశాను. అయినా ఫ్యాను చూస్తూ పన్నెండు దాకా మేలుకునేది. ఆదివారం సాయంత్రం అయితే చాలు, కడుపునొప్పి. డాక్టరుగారు చూసి కడుపులో ఏమీ లేదన్నారు. ‘స్కూల్లో ఎలా ఉందమ్మా?’ అని దాన్ని అడిగింది కూడా ఆయనే, మేం కాదు.

అప్పుడు బయటపడింది. ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్‌లో వేశాం కదా, అక్కడ వారం వారం టెస్టు పెట్టి మార్కుల్ని బట్టి సెక్షన్లు మార్చేవాళ్లు. ఇది కింది సెక్షన్‌కి దిగింది, స్నేహితురాళ్లు పైనే ఉండిపోయారు. మధ్యాహ్నం ఎవరి పక్కన కూర్చోవాలో తెలియక బాక్సు తెరిచినట్టే తెరిచి మూసేసేదట. అన్నం అట్లాగే తిరిగొస్తుంటే నేను రోజుకో కూర మార్చాను!

తర్వాత ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ అనే అమెరికన్ సైకాలజిస్టులు చెప్పింది చదివాను. మనిషి ఏ పనైనా మనసు పెట్టి చేయాలంటే తన మాట కొంతైనా చెల్లాలి, నాకిది వచ్చన్న ధీమా ఉండాలి, నావాళ్లున్నారన్న భరోసా ఉండాలి. మా పిల్లకి మూడూ ఒక్కసారే పోయాయి.

ఫౌండేషన్ మాన్పించాం. మా ఆయన నెల రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు, అది వేరే కథ. లెక్కలు ఎప్పుడు చేసుకోవాలో దానికే వదిలేశాం. సాయంత్రాలు ఎన్టీఆర్ స్టేడియంకి షటిల్‌కి వెళ్తానని తనే అడిగింది. ఈ వయసు పిల్లలు రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అంత కాకపోయినా ఆడొచ్చిన రోజు పదిన్నరకల్లా నిద్ర పట్టేది, మర్నాడు క్లాసులో తూగేది కాదు. తొమ్మిదింటికే పడుకోమని మాత్రం పోరకండి. ఈ వయసులో నిద్ర వచ్చే వేళే ఆలస్యమవుతుంది, కానీ 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. తెల్లవారుజామున స్టడీ అవర్ పెట్టే స్కూలైతే అది కుదిరే పని కాదు.

ఒక వారం ఫోను ఊసెత్తకుండా, మధ్యాహ్నం ఎవరితో కలిసి తింటున్నాడో అడిగి చూడండి. తిండి, నిద్ర వారాల తరబడి దెబ్బతింటే, దిగులు మాటలు వినిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేసినా ఉచితమే, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మాది ఇప్పుడు పదో తరగతి. శనివారం రాత్రి ఇప్పటికీ ఒంటిగంట దాకా మేలుకునే ఉంటుంది. నేను చూసీ చూడనట్టు ఊరుకుంటున్నాను.